16 డ్రైవర్ల ఇయర్‌ఫోన్లు కొని నష్టపోయాను, మీరు కొనేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, సేల్‌లో వైరు ఉన్న మంచి ఇయర్‌ఫోన్లు కొందామని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పెట్టె మీద డ్రైవర్ల (అంటే లోపలి బుల్లి స్పీకర్ల) సంఖ్య చూసి డబ్బు పెట్టకండి. నేను అలా చూసే 8,900 రూపాయలు పెట్టాను.

పాటలు వినడం నాకు రోజూ ఉండే పని. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో రానూ పోనూ దాదాపు రెండు గంటలు, రాత్రి ఇంట్లో బాలమురళీకృష్ణ గారి కచేరీలు, ఘంటసాల, సుశీలమ్మల పాత పాటలు. మూడేళ్ళుగా 1,600 రూపాయల జత వాడుతున్నాను. అందులో చెవికి ఒకే ఒక్క డైనమిక్ డ్రైవర్. దానితో నాకు ఇబ్బందేమీ లేదు, ఇంకా బాగా వినాలన్న ఆశ తప్ప. అలాంటప్పుడు “16 డ్రైవర్లు, స్టూడియో సౌండ్” అన్న ప్రకటన కనిపించింది. ఒక్కటే ఇంత బాగుంటే పదహారు ఎంత బాగుంటాయో అనుకున్నాను.

ఆ 16 అంటే రెండు చెవులకూ కలిపి. ఒక్కో చెవికి ఎనిమిదే. ఆ సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఈ లెక్క చాలామంది వాడుతున్నారు, కాబట్టి ముందు అది చూసుకోండి.

మొదటి రాత్రే తేడా తెలిసింది. సుశీలమ్మ గొంతులో ‘స’, ‘శ’ వచ్చిన ప్రతిచోటా చెవిలో సూది గుచ్చినట్టు ఉంది. కచేరీలో వయొలిన్ ముందుకు దూకుతోంది, గాయకుడి గొంతు గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంది. మృదంగం ఎడమవైపు మోతలో ఆ గుమ్మనే నాదం లేదు, వట్టి దెబ్బ మాత్రమే వినిపిస్తోంది. పాత జత పెట్టి అదే పాట విన్నాను. గొంతు మళ్ళీ గొంతులా ఉంది. చెవిలో దూరే రబ్బరు టిప్స్ సరిగ్గా కూర్చోలేదేమో అని మూడు సైజులూ మార్చి చూశాను. చెవిలో టిప్ బిగుతుగా లేకపోతే బాస్ మొత్తం పోతుంది, అది నిజం. కానీ నా సమస్య అది కాదు. ఈక్వలైజర్‌లో (ఏ స్వరం ఎంత వినపడాలో మార్చే సెట్టింగ్‌లో) 7 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే పై స్వరాల దగ్గర తగ్గిస్తే సూది గుచ్చడం తగ్గింది, గొంతులోని డొల్లతనం మాత్రం అలాగే ఉంది.

అమ్మిన వాళ్ళకు రాస్తే వచ్చిన జవాబు చూసి అందరూ జాగ్రత్తపడాలి. “ఇందులో డ్రైవర్లు ఎక్కువ కదా సార్, 100 గంటలు ప్లే చేస్తేనే సెట్ అవుతాయి” అన్నారు. నమ్మాను. రోజుకు నాలుగు గంటలు వింటే 100 గంటలకు 25 రోజులు పడుతుంది. వాళ్ళ రీప్లేస్‌మెంట్ గడువు ఏడు రోజులు. 25 రోజుల తర్వాత కూడా సౌండ్ అలాగే ఉంది, గడువు మాత్రం అయిపోయింది. మీకు ఎవరైనా ఇలా చెబితే గడువు తేదీ ముందు చూసుకోండి, నచ్చలేదన్న మాట మొదటి రోజే రాతలో పెట్టండి.

అసలు ఇన్ని డ్రైవర్లు ఎందుకు పెడతారో అప్పుడే కూర్చుని తెలుసుకున్నాను. ఆ పని కొనకముందే చేయాల్సింది.

డ్రైవర్ అంటే బుల్లి స్పీకర్ అని ముందే చెప్పాను. డైనమిక్ డ్రైవర్‌లో అయస్కాంతం, తీగచుట్ట, పల్చటి పొర ఉంటాయి. రెండో రకం బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. ఇది చిన్న లోహపు డబ్బాలా ఉంటుంది, వినికిడి యంత్రాల నుంచి వచ్చింది. ఇంత చిన్నది కాబట్టి బరువైన బాస్ నుంచి పై స్థాయి దాకా అన్నీ ఒక్కదానితో గట్టిగా పలికించడం కష్టం. అందుకే కింది స్వరాలకు ఒకటి, పై స్వరాలకు ఒకటి అని పంచుతారు. వేదిక మీద పాడేవాళ్ళకు ఇది నిజంగా పనికొచ్చింది. వాన్ హేలెన్ అనే అమెరికా రాక్ బృందానికి సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన జెర్రీ హార్వే 1995 ప్రాంతంలో వాళ్ళ డ్రమ్మర్ కోసం చేసిన ఇయర్‌ఫోన్లలో ఇలాగే పని పంచాడు. కాబట్టి ఎక్కువ డ్రైవర్లు పెట్టడమే తప్పని నేను అనడం లేదు.

కానీ పని పంచితే దాన్ని మళ్ళీ కలపాలి, కష్టమంతా అక్కడే. ఎవరు ఎక్కడిదాకా పలకాలో చెప్పే సర్క్యూట్‌ను క్రాసోవర్ అంటారు. భజనలో ఎనిమిది మంది ఒకే శ్రుతిలో, ఒకే తాళంలో పాడితే గుడి నిండిపోతుంది. ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటే మాట కూడా అర్థం కాదు. ఇక్కడా అంతే. రెండు డ్రైవర్లు ఒకే స్వరాన్ని పలుకుతున్నప్పుడు ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగితే ఆ స్వరం వాటి మధ్యే చచ్చిపోతుంది. ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందో చూపే గ్రాఫులో అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట ఈక్వలైజర్‌తో పూడదు, ఎందుకంటే ఎంత పెంచితే రెండూ అంత పెరిగి మళ్ళీ కొట్టేసుకుంటాయి. నాకు గొంతు డొల్లగా వినిపించింది ఇందుకే కావచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అదే జత ఫోన్ డాంగిల్‌లో (ఫోన్‌కు వైరు తగిలించే చిన్న అడాప్టర్‌లో) ఒకలా, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇంకోలా వినిపించేది. ఇలాంటి వాటిలో ఇంపిడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, స్వరానికో రకంగా మారుతుంది. పెట్టే పరికరం ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువైతే సౌండ్ రంగే మారిపోతుంది. ఇయర్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే అది తక్కువ ఉండాలని పాటిస్తారు. ఒకే డైనమిక్ డ్రైవర్ ఉన్నవాటిలో ఈ గొడవ చాలా తక్కువ.

ఒక్క డ్రైవర్ అంటే చవక సరుకు అన్న మాట కూడా నమ్మకండి. ఎటిమోటిక్ కంపెనీ వాళ్ళ ఈఆర్-4 ఇయర్‌ఫోన్ 1991లో వచ్చింది, చెవికి ఒకే ఆర్మేచర్. ఖచ్చితమైన సౌండ్‌కు దాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. సెన్‌హైజర్ కంపెనీ ఐఈ 900 మోడల్ 2021లో సుమారు 1,300 డాలర్ల ధరతో వచ్చింది, అందులో చెవికి 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్ ఒక్కటే. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ (ఏ స్వరం ఎంత గట్టిగా పలుకుతుందన్నదానికీ) సంబంధం కనిపించలేదని చెప్పాడు.

ఐదో వారంలో కుడివైపు శబ్దం తగ్గిపోయింది. కోఠి గుజరాతీ గల్లీలో రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దగ్గర ఇయర్‌ఫోన్ సౌండ్ కొలిచే చిన్న కప్లర్, అంటే చెవి రంధ్రంలా ఉండే గొట్టం, ఉంది. బాగున్న ఎడమవైపు దాన్ని నా ముందే కొలిచి, విప్పి, సౌండ్ బయటికి వచ్చే గొట్టం దగ్గరున్న మూడు ఆర్మేచర్ల తీగలు ఊడదీసి మళ్ళీ కొలిచారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ మూడూ ఉన్నా లేకపోయినా సౌండ్ మారలేదు. “సంఖ్య కోసం పెట్టారు బాబూ” అన్నారాయన. ఆ మాట విని నాకు నిజంగా బాధేసింది. నెలంతా దాచి కొన్న వస్తువు అది.

ఇప్పుడు కొనేవాళ్ళు ఒక పని చేయండి. కొనాలనుకున్న మోడల్‌ను ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులు కొలిచిన గ్రాఫులు చూడండి. కంపెనీ ఇచ్చిన గ్రాఫు ఒక్కటే చాలదు. 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర కొండలా లేచి ఉంటే ‘స’లు గుచ్చుతాయేమోనని అనుమానించండి. అయితే 8 దాటాక ఆ గ్రాఫులను మరీ నమ్మకండి, ఎంత లోతుగా పెట్టి కొలిచారన్నదాన్ని బట్టి అక్కడ గీత మారుతుంది. కుదిరితే మీకు బాగా తెలిసిన ఒక్క పాట పెట్టి విని కొనండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ఊరుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, వాళ్ళు రాసిన జవాబులు దాచుకోండి. నా దగ్గర ప్రకటన స్క్రీన్‌షాట్ లేదు, ఆ పేజీలో ఇప్పుడు రాతలు మార్చేశారు. అయినా పెట్టె మీద 16 అని అచ్చయి ఉంది, రిపేరు ఆయన కొలిచిన రెండు గీతల ఫొటో ఉంది. వాటితోనే గత సోమవారం ఫిర్యాదు పెట్టాను. ఇలా ఫిర్యాదు చేసి డబ్బు తిరిగి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఏ కాగితాలు అడిగారో చెప్పండి, నాకు అవసరం.