డీజిల్ ఇంజిన్లు: కోసెయ్యడం మేలా, ఉంచుకోవడం మేలా?

గుత్తి, కాజీపేట రైలింజిన్ షెడ్ల దగ్గర పెరిగినవాళ్లకు అమెరికా కంపెనీ ఆల్కో నమూనా డీజిల్ ఇంజిన్ గురించి చెప్పనక్కర్లేదు. కదిలేముందు నల్లటి పొగ, గుండెల్లో మోగే ఆ దడదడ. ఇప్పుడు దాదాపు అన్ని లైన్లకూ కరెంటు తీగలు వచ్చాయి, ఆ ఇంజిన్లకు పని తగ్గింది. రైల్వే లెక్కలో డీజిల్ ఇంజిన్ ఆయుష్షు 36 ఏళ్లు. అది నిండకుండానే పక్కన పడినవాటిని ఏం చెయ్యాలి?

తుక్కుకి అమ్మితే ఇనుము, రాగి డబ్బు వెంటనే చేతికొస్తుంది, షెడ్‌లో చోటు మిగులుతుంది. వారణాసిలో 1964 నుంచి తయారైన 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 రకం ఆల్కో ఇంజిన్లకు ఇదే సరైన దారి, వాటిలో చాలావాటి వయసు అయిపోయింది. 2000 తర్వాత వచ్చినవాటిని కూడా కోస్తే మాత్రం నాకు మనసు ఒప్పదు. ఇంకా ఆయుష్షు మిగిలిన యంత్రాలవి.

రెండోది, కరెంటు ఇంజిన్‌గా మార్చడం. వారణాసిలోనే రెండు సరుకు రవాణా డీజిల్ ఇంజిన్లను కలిపి 10,000 హార్స్‌పవర్ కరెంటు జంటగా మార్చారు. 2019 ఫిబ్రవరిలో ప్రధాని జెండా ఊపారు. చూడ్డానికి గొప్పగా ఉంది, కానీ పాత చట్రం మీద అంత ఖర్చు పెట్టే బదులు కొత్త కరెంటు ఇంజినే కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ పని పెద్దగా సాగలేదు కూడా.

పొరుగు దేశానికి ఇవ్వడం నాకు బాగా నచ్చిన దారి. బంగ్లాదేశ్‌లో మన వెడల్పు (బ్రాడ్‌గేజ్) పట్టాలూ ఉన్నాయి, రైళ్లు డీజిల్‌తోనే నడుస్తాయి. 2020 జులైలో 10, 2023 మేలో మరో 20 బ్రాడ్‌గేజ్ ఇంజిన్లు ఇచ్చాం. కొలిమిలోకి పోవాల్సిన ఇంజిన్ ఇంకో ఊళ్లో జనాన్ని మోస్తుంటే అంతకన్నా ఏం కావాలి?

అయినా అన్నీ ఇచ్చెయ్యకూడదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తీగ తెగితే కరెంటు ఇంజిన్ నిలబడిపోతుంది. డీజిల్ ఇంజిన్ తన కరెంటు తనే పుట్టించుకుంటుంది, సహాయ రైలును లాక్కెళ్తుంది. అందుకే జనరల్ మోటార్స్ టెక్నాలజీతో వచ్చిన 4,000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4 సరుకు రవాణా డీజిల్ ఇంజిన్లను, ముఖ్యంగా కోస్తా డివిజన్లలో, కొన్నైనా అట్టేపెట్టాలి.

ఊరికే నిలబెడితే చాలదు. బ్యాటరీ చూడాలి, నెలకోసారైనా స్టార్ట్ చేసి నడపాలి. ఇంజిన్ చప్పుడు విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పే ఫిట్టర్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. వాళ్లు ఉన్నప్పుడే కుర్రాళ్లను పక్కన నిలబెట్టి ఆ పని నేర్పించాలి.