జెనరేటర్ లేకుండా బుర్రకథ: లిథియం బ్యాటరీపై నడిచే మైక్ సెట్టు, దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మా బుర్రకథ దళంలో మైకులు, స్పీకర్ల పని చూసుకునేది నేనే. కొన్నేళ్లుగా ఊళ్లలో, జాతరల్లో, గుడి ముంగిళ్లలో మేము ఇచ్చే ప్రదర్శనలన్నిటికీ 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల (అంటే ఒక ఆంపియరు కరెంటును వంద గంటలపాటు ఇవ్వగల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక్కటే ఆధారం. యాంప్లిఫయర్ ప్రత్యేకమైనదేమీ కాదు. వెనకవైపు 12 వోల్టుల డీసీ టెర్మినళ్లు ఉండే రకం; అహూజా వంటి కంపెనీలు చాలాకాలంగా తయారుచేస్తున్నవి, ఎన్నికల ప్రచారపు ఆటోల్లో అందరూ చూసినవి. దానికి రెండు కాలమ్ స్పీకర్లు, వెనక వరుసల కోసం ఒక హారను, యూఎస్‌బీ కరెంటుతో నడిచే చిన్న మిక్సర్, కథకుడికీ, పక్కన వంతపాడే ఇద్దరు వంతలకూ మైకులు ఉన్నాయి. ఈ ఏర్పాటు మొత్తం మీద నా అభిప్రాయం ముందే చెబుతాను: మాట ప్రధానంగా సాగే ఏ కళారూపానికైనా ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. అయితే అందులో బ్యాటరీ వాటా సగమే. మిగతా సగం తీగలది, స్పీకర్లది, చార్జరుది.

బుర్రకథలో కథకుడి గొంతు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. యుద్ధఘట్టంలో వంతలు వాయించే గుమ్మెటలతో పోటీ పడి ఎగసిన గొంతే, కరుణరసం వచ్చేసరికి పక్కవాడి చెవిలో చెప్పినంత మెల్లగా దిగుతుంది. ఆ దిగిన చోటనే కథ పండుతుంది. వేదిక వెనక ఎక్కడో జెనరేటర్ మోగుతూ ఉంటే, దాన్ని ఎంత దూరం జరిపినా, సరిగ్గా ఆ ఘట్టంలోనే దాని రొద జనం చెవిన పడుతుంది. దాన్ని కప్పడానికి మైకు పెంచితే కూత మొదలవుతుంది. పక్క ఇంటినుంచి కరెంటు తీసుకుందామంటే, పండగ రోజుల్లో ఊరంతా సీరియల్ బల్బులు వెలుగుతున్నప్పుడు వోల్టేజీ ఎంత ఉంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. కొన్నిచోట్ల స్తంభం తీగలకు కొక్కేలు తగిలించడానికి కూడా వెనకాడరు. తడినేల మీద, ఇనుప మైకును చేత్తో పట్టుకునే కళాకారుడి ప్రాణానికి అది ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లు ఆ పనికి ఎన్నటికీ ఒప్పుకోకూడదు.

లిథియం కొనకముందు మేమూ అందరిలాగే సీసం బ్యాటరీలు వాడాము. ఊళ్లో చాలామంది ఇప్పటికీ ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి ఇస్తారు. వాళ్ల అభిమానం గొప్పదే గాని, ఆ బ్యాటరీ ఇంజను స్టార్టు చేసే కొద్ది సెకన్లపాటు ఎక్కువ కరెంటు ఇవ్వడానికి చేసినది. దాని పలకలు పలచనివి. గంటల తరబడి లోతుగా ఖాళీ చేస్తే అది త్వరగా పాడవుతుంది, తెల్లారి ట్రాక్టరు కదలదు. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ ఈ పనికి నయమే, కాని 150 ఆంపియర్ అవర్లది ఆసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది. దాన్ని ఇద్దరు మోయాలి, నిటారుగానే ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. ఆసిడ్ చుక్క పడిన జంపఖానాకు, పట్టుపంచెకు రెండు మూడు ఉతుకుల్లో చిల్లులు తేలుతాయి. మా 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ బరువు సుమారు 12 కిలోలు.

బరువు తగ్గడం కంటే పెద్ద మేలు వినేటప్పుడు తెలిసింది. నిండుగా ఉన్న సీసం బ్యాటరీ ఏ భారమూ లేనప్పుడు 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. ప్రదర్శన రెండో గంటలోకి వచ్చేసరికి అది 12.2కు దిగుతుంది. అప్పుడు గుమ్మెట మీద దెబ్బ పడగానే యాంప్లిఫయర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, మీటరు ముల్లు 11.5 దాకా పడిపోయి మళ్లీ లేస్తుంది. ఆ పడిన క్షణంలో గుమ్మెట నాదం గుండ్రంగా రాకుండా పగిలినట్టు వస్తుంది, దానితోపాటే పలికిన కథకుడి మాట బొంగురుపోతుంది. కథ పతాకస్థాయికి చేరే చివరి అరగంటలోనే ఇది ఎక్కువగా కనబడేది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ స్వభావం వేరు. దానిలోని నాలుగు సెల్లూ కలిసి సామర్థ్యంలో ఎనభై శాతం ఖర్చయ్యేదాకా దాదాపు 13 వోల్టులు నిలుపుతాయి. అంతర్గత నిరోధం చాలా తక్కువ కాబట్టి గుమ్మెట దెబ్బకు మీటరు కొంచెం వణుకుతుంది, అంతే. మొదటి పదం ఎంత స్పష్టంగా వినిపించిందో మంగళం కూడా అంతే స్పష్టంగా వినిపిస్తుంది. నేను ఈ బ్యాటరీకి పెట్టిన డబ్బంతా దీనికోసమే పెట్టానని అనుకుంటాను.

ఎంత బ్యాటరీ కావాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 95 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకరుకు 16 వాట్లు పంపితే మీటరు దూరంలో 107, ముప్పైరెండు మీటర్ల దూరంలో 77 డెసిబెల్‌లు వస్తాయి. ఊరి జనం కూర్చునే మేరకు ఇది చాలు. దెబ్బలకు, కేకలకు దానికి పదింతల శక్తి క్షణకాలం కావాలి కాబట్టి యాంప్లిఫయర్ 160 వాట్లది ఉండాలి, కాని సగటున ఖర్చయ్యేది 16 వాట్లే. పాతరకం యాంప్లిఫయర్లు వేడి రూపంలో పోగొట్టేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి లాగేది 60 వాట్లు, అంటే 5 ఆంపియర్లు. మూడు గంటల కథకు 15 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ ఇలాంటి ప్రదర్శనలు వరసగా నాలుగైదు, మధ్యలో చార్జింగ్ లేకుండానే దాటిస్తుంది. ఒక రాత్రి, ఒక కథ అనుకునే దళానికి 50 ఆంపియర్ అవర్లది సరిపోతుంది.

ఇదే లెక్కను స్పీకరు వైపునుంచి చూస్తే ఇంకా మేలు. హారన్లు ఒక వాటుకు 105 నుంచి 110 డెసిబెల్‌ల దాకా ఇస్తాయి. పది డెసిబెల్‌ల తేడా అంటే పదింతల శక్తి ఆదా. హారనులో గుమ్మెట గంభీరత రాదు, నిజమే. కాని వీధి చివర అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లకు మాట అక్షరం అక్షరంగా చేర్చడంలో దానికి సాటి లేదు. అందుకని ముందు వరుసలకు కాలమ్ స్పీకర్లు, దూరానికి మెల్లగా ఒక హారను అన్న పద్ధతి మాకు స్థిరపడింది. కాలమ్ స్పీకరు శబ్దాన్ని పైకి, కిందికి చెదరనివ్వకుండా ముందుకు పంపుతుంది. ఆకాశానికి పోయే శబ్దానికి బ్యాటరీ ఖర్చు పెట్టడం ఎందుకు?

ఇన్వర్టరు వద్దు అన్నది నా గట్టి అభిప్రాయం. 12 వోల్టులను 230గా మార్చి, యాంప్లిఫయర్‌లో మళ్లీ తగ్గించుకునే ఈ దారిలో పది నుంచి పదిహేను శాతం శక్తి వృథా అవుతుంది. ఏ శబ్దమూ లేనప్పుడు కూడా ఇన్వర్టరు కొంత తింటూనే ఉంటుంది. చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే స్పీకర్లలో గీమనే రొద తప్పదు. డీసీ టెర్మినళ్లు లేని యాంప్లిఫయర్ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు మాత్రం, ఇంటి కరెంటులాగే నునుపైన తరంగాన్ని ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోవాలి.

తీగ విషయంలో ఒక్క కొలత చెబితే చాలు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 7.4 మిల్లీఓమ్‌ల నిరోధం చూపుతుంది. బ్యాటరీ వేదిక కింద, యాంప్లిఫయర్ పక్కన బల్ల మీద, మధ్య ఐదు మీటర్ల దూరం ఉందనుకుంటే రానూపోనూ పది మీటర్లు. 15 ఆంపియర్ల దెబ్బకు తీగలోనే 1.1 వోల్టు పోతుంది. ఎంతో ఖరీదు పెట్టి కొన్న బ్యాటరీ ఇచ్చిన మేలంతా ఆ తీగలోనే ఆవిరైనట్టే. మేము 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, బ్యాటరీని యాంప్లిఫయర్‌కు మీటరు దూరంలోకి తెచ్చాము; పొడవు కావలసినచోట స్పీకరు తీగనే పొడిగిస్తాము. ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో ఫ్యూజు తప్పనిసరి. లిథియం బ్యాటరీ షార్టయితే వచ్చే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. మొసలిమూతి క్లిప్పులు కూడా మానేయాలి. కథకుడి అడుగులకు చెక్క వేదిక అదిరినప్పుడల్లా అవి కదిలి చిటపటలు తెస్తాయి. బోల్టు బిగించే లగ్గులు ఉంటే ఆ బాధ లేదు.

మిక్సర్‌కు, వైర్‌లెస్ మైకుల రిసీవర్‌కు కూడా అదే బ్యాటరీ నుంచి చిన్న కన్వర్టరు పెట్టి కరెంటు ఇస్తే స్పీకర్లలో సన్నని ఈల వినబడుతుంది. శ్రుతిపెట్టె ఫోనులో మోగుతూ, ఆ ఫోను అదే బ్యాటరీ మీద చార్జవుతూ ఉంటే ఈల ఇంకా పెరుగుతుంది. ఒకే నేలతీగను రెండు దారుల్లో కలపడం వల్ల వచ్చే రొద ఇది. మిక్సర్‌ను విడిగా పవర్ బ్యాంకు మీద నడిపితే పూర్తిగా పోతుంది. ఇక్కడొక చిక్కు ఉంది: చాలా పవర్ బ్యాంకులు కరెంటు బాగా తక్కువగా లాగే పరికరాన్ని గుర్తించక కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. రిసీవర్ ఒక్కదాన్నే తగిలిస్తే ఈ ప్రమాదం ఉంది, మిక్సర్‌తో కలిపి తగిలిస్తే లేదు. ప్రదర్శనకు ముందురోజు ఇంట్లో మూడు గంటలు నడిపి చూసుకోవడం మంచిది.

లిథియం బ్యాటరీ లోపాలు కూడా దాచకుండా చెప్పాలి. వోల్టేజీ చివరిదాకా ఒకేలా ఉండడం వినడానికి వరమే, ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మాత్రం అడ్డంకి. సీసం బ్యాటరీ గొంతు తగ్గి హెచ్చరిస్తుంది. ఇది అలా కాదు, చార్జు అయిపోయి లోపలి రక్షణ సర్క్యూటు కరెంటును ఆపేయగానే వేదిక మొత్తం ఒక్కసారిగా మూగబోతుంది. అందువల్ల వోల్టు మీటరును నమ్మకుండా, లోపలికీ బయటికీ పోయే ఆంపియర్లను లెక్కకట్టే షంట్ మీటరు పెట్టుకోవడం అవసరం. చార్జరు 14.6 వోల్టుల దగ్గర ఆగే లిథియం చార్జరే ఉండాలి; సీసం బ్యాటరీల కోసం 15 వోల్టులు దాటించే పద్ధతి ఉన్న చార్జర్లు దీనికి పనికిరావు. వ్యాను ఇంజను నడుస్తుండగా నేరుగా తీగలు కలిపి చార్జి చేయడం కూడా తప్పే. బ్యాటరీ అదుపు లేకుండా కరెంటు లాగడంతో ఆల్టర్నేటర్ కాగిపోతుంది. మధ్యలో డీసీ నుంచి డీసీకి మార్చే చార్జరు కావాలి. వేసవిలో ఎండకు వదిలేస్తే ఏ బ్యాటరీ ఆయుష్షయినా తరుగుతుంది కాబట్టి మాది ఎప్పుడూ వేదిక కింద నీడలో, తడిగోనె కాకుండా పొడిగుడ్డ కప్పి ఉంటుంది. ధర మాటకొస్తే, సీసం బ్యాటరీకి రెండు మూడు రెట్లు. కాని ఇది సుమారు రెండు వేల చార్జింగ్‌లకు తట్టుకునే జాతి, సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. ఈ రెండూ కలిపి చూస్తే తరచు ప్రదర్శనలు ఇచ్చేవాళ్లకు ఇదే చవక.

చక్రాల మీద లాక్కుపోయే ట్రాలీ స్పీకర్ల గురించి కూడా అడుగుతున్నారు. వాటిలో చాలావాటికి ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. పెట్టె మీద వేలల్లో రాసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరిట వేసే) అంకెలను పట్టించుకోకండి: 12 వోల్టులను పెంచకుండా వాడితే, స్పీకరును రెండు వైపులనుంచీ నడిపే బ్రిడ్జి పద్ధతిలోనైనా, 4 ఓమ్‌ల స్పీకరుకు స్వచ్ఛంగా చేరేవి 18 వాట్లకు మించవు. బడిలో ప్రార్థనకు, చిన్న సభకు అవి చాలు. మూడు గంటల కథను వాటికి అప్పగించలేము.

అనుమతి సంగతి నిర్వాహకులు మరచిపోతుంటారు. కరెంటు ఎక్కడిదైనా, 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆరుబయట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వాడకూడదు. పండగలకు, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. అందుకే మేము దీపాలు పెట్టగానే కథ మొదలుపెట్టి పదిలోపు మంగళం పాడుతున్నాము.

కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద బేస్ బాక్సులతో పాటల కచేరీ చేసేవాళ్లకు, లైటింగ్ కూడా కావలసిన నాటక సమాజాలకు ఈ ఏర్పాటు చాలదు. వాళ్లకు మంచి సైలెంట్ జెనరేటరే దారి. హరికథ, ఒగ్గుకథ, చిందు యక్షగానం, భజన బృందాలు మాత్రం సందేహించనక్కరలేదు. ఒగ్గుకథలో డోళ్లు, తాళాలు వాటంతటవే గట్టిగా మోగుతాయి కాబట్టి మైకు గొంతుకే ఇస్తే బ్యాటరీ మాకంటే తక్కువే ఖర్చవుతుంది. మా మట్టుకు మేము తర్వాత కొనబోయేది ఇంకా పెద్ద బ్యాటరీ కాదు, డీసీ మీద నడిచే, వేడి రూపంలో తక్కువ పోగొట్టే క్లాస్ డీ రకం యాంప్లిఫయర్. 5 ఆంపియర్లు లాగే చోట అది సగమే లాగితే, 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీని ఒక్కడే భుజాన వేసుకుని బస్సులో వెళ్లి కథ చెప్పి రావచ్చు.