బీబీసీ మైక్రో మోడల్ బి: ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

పాత కంప్యూటర్లలో ఏముంది అంత అని అడిగేవాళ్ళకి నేను చూపించేది ఈ మెషినే. 1981లో ఇంగ్లండ్‌లో ఏకార్న్ అనే కంపెనీ వాళ్ళు తెచ్చారు, 80ల మధ్యలో క్లాస్ (స్కూళ్ళలో కంప్యూటర్ నేర్పే ప్రభుత్వ పథకం) ప్రాజెక్ట్ కింద మన దేశంలో స్కూళ్ళకి కూడా ఇవే వచ్చాయి, కాబట్టి ఆ ఎర్ర ఫంక్షన్ కీలు చూడగానే గుర్తుపట్టేవాళ్ళు మనలోనూ ఉంటారు. నాది సెకండ్‌హ్యాండ్.

2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32 కేబీ ర్యామ్, అంతే. స్విచ్ వేస్తే రెండు బీప్‌లు, ఆ వెంటనే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రెడీ. అసలు మజా ఏంటంటే ఇందులో దాపరికం అనేదే లేదు. మోడ్ 7లో (అక్షరాలు చూపించే స్క్రీన్ మోడ్) స్క్రీన్ మెమరీ హెక్స్‌లో, అంటే 16 అంకెల లెక్కలో, 7సి00 అనే అడ్రస్ దగ్గర మొదలవుతుంది, స్క్రీన్ క్లియర్ చేసి ఆ అడ్రస్‌లో 65 (ఏ అక్షరానికి కోడ్) పెట్టామనుకోండి, పైన ఎడమ మూలలో ఇంగ్లీష్ ఏ ప్రత్యక్షం! మధ్యలో డ్రైవర్ లేదు, పర్మిషన్ లేదు, మనం నంబర్ రాశాం అక్షరం వచ్చింది, కంప్యూటర్ అంటే ఏంటో నాకు నిజంగా బుర్రకెక్కింది అక్కడే. బేసిక్ ప్రోగ్రామ్ మధ్యలోనే అసెంబ్లీ (ప్రాసెసర్‌కి నేరుగా ఆదేశాలిచ్చే భాష) కూడా రాసేసుకోవచ్చు, ఆ బేసిక్ రాసింది సోఫీ విల్సన్, తర్వాత ఆవిడే స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఇప్పుడు ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ డిజైన్ చేశారు, 1985లో మొదటి ఆర్మ్ చిప్‌ని నడిపించి చూసింది కూడా బీబీసీ మైక్రోకి తగిలించే. మన చేతుల్లో ఫోన్ల మూలం ఇదే అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఎక్కువ రంగులుండే మోడ్ 2 కావాలంటే 20 కేబీ స్క్రీన్‌కే పోతుంది, డిస్క్ సిస్టమ్ కూడా ఉంటే మీ ప్రోగ్రామ్‌కి 6 కేబీ కూడా మిగలదు, ప్రతి బైటూ లెక్కపెట్టుకుంటూ రాయాలి (నాకైతే అదే ఇష్టం). ఫ్లాపీలకి మన వానాకాలంలో ఫంగస్ పడుతుంది, అందుకే గోటెక్ (ఫ్లాపీ డ్రైవ్ బదులు పెట్టే పరికరం) పెట్టి పెన్‌డ్రైవ్‌తో లాగిస్తున్నా, హాయిగా ఉంది. కాంపోజిట్ వీడియో కనెక్షన్‌లో మామూలుగా బ్లాక్ అండ్ వైటే వస్తుంది, రంగులకి ఆర్‌జీబీ కేబుల్ చూసుకోండి.

ముందు ఎమ్యులేటర్‌లో (ఈ మెషిన్‌ని ఇప్పటి కంప్యూటర్లో అనుకరించే సాఫ్ట్‌వేర్) నాలుగు రోజులు ఆడుకుని చూడండి, మనసు లాగితే అప్పుడు కొనండి. కొన్నాక ఆత్రంగా ప్లగ్ పెట్టెయ్యొద్దు, పవర్ సప్లైలో పాత ఫిల్టర్ కెపాసిటర్లు పగిలి పొగ రావడం వీటిలో చాలా మామూలు, తెలిసినవాళ్ళతో అవి మార్పించాకే స్విచ్ వెయ్యండి.