గంగిరెద్దును పోజు పోజుగా నడిపించాక: వీడియో గేమ్‌లో స్టాప్ మోషన్ వాడకం

చెన్నై సాలిగ్రామంలో ఒక గదికి నల్ల తెరలు కట్టుకుని, మా చిన్న బృందం కొన్నేళ్లుగా ఒక వీడియో గేమ్ చేస్తోంది. పక్క నుంచి కనిపించే 2డి ఆట. ఆడేవాళ్లు నడిపించేది ఒక గంగిరెద్దును. ఎద్దు, కాకులు, తేళ్లు, దారిలో పాడుబడ్డ మండపాలు, అన్నీ చేత్తో చేసినవే. బొమ్మను కొద్దిగా కదపడం, ఫొటో తీయడం, మళ్లీ కదపడం. అలా తీసిన ఫొటోలే ఆటలో కదులుతాయి. దీన్నే స్టాప్ మోషన్ అంటారు.

ఇంతకాలం వాడాక నా తీర్పు ఇది: ఆటకు స్టాప్ మోషన్ బాగా పనికొస్తుంది, కానీ సినిమాకు తీసినట్టు తీస్తే పనికిరాదు. సినిమాలో షాట్ ఓకే అయితే ఆ పని అయిపోయినట్టే. ఆటలో ఏ షాటూ అయిపోదు. ఆడి చూసినవాళ్లు ‘గెంతు బరువుగా ఉంది’ అంటే, ఎప్పుడో తీసిన పోజుల మధ్యలోకి మళ్లీ వెళ్లి రెండు పోజులు చేర్చాలి. అదే వెలుగు, అదే కోణం, అదే బొమ్మ ఉండాలి. అందుకే కెమెరా అయినా, లైటయినా, మట్టి అయినా నేను చూసేది ఒక్కటే: కొన్ని నెలల తర్వాత ఇదే ఫ్రేమ్‌కు తిరిగి రాగలనా, లేదా?

ముందు అందరూ అడిగే విషయం, బటన్ నొక్కాక వచ్చే ఆలస్యం. స్టాప్ మోషన్‌లో మామూలుగా సెకనుకు 12 పోజులు తీస్తారు. అంటే ఒక్కో పోజు తెరమీద దాదాపు 83 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంటే అందులో ఒక్కో ఫ్రేము 17 మిల్లీసెకన్లు కూడా ఉండదు. ఎద్దు కొమ్ము విసిరే ముందు తల వెనక్కి తీసుకోవడానికి అయిదు పోజులు పెడితే, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ బటన్ నొక్కాక దెబ్బ తగలడానికి 400 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. కోడ్ రాసే నెల్లూరు కుర్రాడు ఆడి చూసి, ‘‘అక్కా, బొమ్మ బాగుంది గానీ నా మాట వినట్లేదు’’ అన్నాడు. సమస్య అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

దీనికి మందు కూడా ఆటలోనే ఉంది. సినిమాలో ఏ పోజు ఎంతసేపో మామూలుగా తీసేటప్పుడే ఖాయమైపోతుంది, ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన ఇంజిన్‌లో అలా కానక్కర్లేదు. ఏ పోజు ఎంతసేపు ఉండాలో కోడ్‌లో విడివిడిగా చెప్పొచ్చు. ఇప్పుడు మేం తల వెనక్కి వెళ్లే పోజులు అన్నీ తీస్తాం, ఆటలో ఒకటో రెండో మాత్రమే వాడతాం, అవీ చాలా తక్కువసేపు. దెబ్బ తగిలిన పోజును మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబెడతాం. బరువంతా కంటికి అక్కడే అందుతుంది. మిగిలిన పోజులు వృథా కావు, కథ నడిచే దృశ్యాల్లో ఎద్దు తీరిగ్గా తల ఊపడానికి అవే పనికొస్తాయి. శత్రువుల విషయంలో ఈ ఇబ్బంది అసలు లేదు. తేలు కొండి ఎత్తడానికి అరసెకను తీసుకుంటే ఆడేవాడికి అది హెచ్చరిక. అందుకే ఎవరైనా అడిగితే ముందు శత్రువులతో, పరిసరాలతో మొదలుపెట్టమంటాను.

పాత ఆటలు చూసినా ఇదే అర్థమవుతుంది. 1996లో వచ్చిన ‘ద నెవర్‌హుడ్’ మొత్తం మట్టి బొమ్మల లోకం, పైగా క్లిక్ చేసి చూసే ఆట. అక్కడ తొందర లేదు కాబట్టి కదలికకు ఎంత సమయమైనా ఇవ్వొచ్చు. 1992 నాటి ‘మోర్టల్ కోంబాట్’లో మిగతా వీరులందరినీ నటులతో తీసి, నాలుగు చేతుల గోరోను మాత్రం బొమ్మతో చేశారు. 1993లో ‘డూమ్’ రాక్షసుల్లో కొన్నింటిని మట్టితోనో బొమ్మగానో చేసి, చుట్టూ తిప్పి ఎనిమిది దిక్కుల నుంచి చూపించారు. ఎనిమిది దిక్కులంటే పనీ ఎన్నో రెట్లవుతుంది. మేం పక్క చూపు ఎంచుకున్నది ప్రధానంగా ఆ లెక్క చూసే.

సాఫ్ట్‌వేర్ సంగతి. మేం వాడేది డ్రాగన్‌ఫ్రేమ్. కెమెరాను కంప్యూటర్‌కు కలిపి, పాత పోజును కొత్త పోజు మీద పల్చగా చూపించే ఆనియన్ స్కిన్ ఇలాంటి వాటన్నింటిలో ఉంటుంది. నాకు దీన్ని విలువైనదిగా చేసింది వేరే. ఒకే పోజుకు వేర్వేరు లైట్లతో ఒకటికి మించి ఫొటోలు తనంతట తానే తీయగలదు, లైట్లను అదుపు చేసే డీఎమ్‌ఎక్స్ అనే పద్ధతి ద్వారా వాటిని అదే వెలిగించి ఆర్పుతుంది. మొదటి ఫొటోలో ఎద్దు మీద మామూలు వెలుగు. రెండోదానిలో ముందు లైట్లు ఆరిపోయి వెనక తెర మాత్రమే వెలుగుతుంది, ఎద్దు నల్లటి నీడలా వస్తుంది. ఆ నీడతోనే బొమ్మను వెనక నుంచి వేరు చేస్తాం. ఆకుపచ్చ గుడ్డ ముందు తీస్తే ఆ పచ్చదనం ఎద్దు మీద కప్పిన బొంత అంచులకూ కొమ్ముల నునుపుకూ అంటుకుని వదిలేది కాదు. ఈ పద్ధతిలో ఆ బాధ లేదు. ఎడమ, కుడి, పై, కింది వెలుగులతో ఇంకో నాలుగు ఫొటోలు తీస్తే, ఏ వైపు ఎంత వెలుగు పడిందో లెక్కగట్టి, బొమ్మ ఒంటి మీద ఏ చోటు ఎటు తిరిగి ఉందో ఇంజిన్‌కు చెప్పే నార్మల్ మ్యాప్ తయారు చేసుకోవచ్చు. అప్పుడు ఆటలో దీపం దగ్గరికి ఎద్దు వెళ్తే దాని మొహం వెలుగుతుంది. ఎద్దు అటు తిరిగినప్పుడు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాం కదా, నీడ తప్పువైపు పడే సమస్య కూడా దీంతో చాలావరకు పోతుంది.

అయితే ఇది సినిమావాళ్ల కోసం పుట్టిన పనిముట్టు. దాని నుంచి మనకు వచ్చేది వరుస ఫొటోలు. వాటిని కత్తిరించడం, కాళ్ల దగ్గర ఆధార బిందువు పెట్టడం, పోజులన్నిటినీ ఒకే పెద్ద చిత్రంలో, అంటే స్ప్రైట్ షీట్‌గా, పేర్చడం మన పనే. దీనికి చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. చేత్తో చేస్తే ఎద్దు గిట్టలు నేల మీద ఒక్కో పోజుకు ఒక్కోచోట ఉంటాయి.

కెమెరాకు ఎక్కువ ఖర్చు పెట్టకండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో కూడా చివరికి 512 పిక్సెళ్ల చదరంలోకి కుదించుకుపోతుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ చాలు. డబ్బు పెట్టాల్సింది అపర్చర్‌ను, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని, చేత్తో తిప్పే పాత లెన్స్ మీద. కెమెరా నడిపే లెన్సులో అపర్చర్ ప్రతి ఫొటోకు ఒక్క వెంట్రుకవాసి తేడాతో మూసుకుంటుంది, వరుసగా ఆడిస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది. బ్యాటరీ బదులు కరెంటుకు కలిపే డమ్మీ బ్యాటరీ తప్పనిసరి. బ్యాటరీ మార్చడానికి కెమెరాను ముట్టుకుంటే కోణం పోయినట్టే. లైట్లు, కనెక్టర్లు, చిల్లర సామానంతా చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో దొరికాయి. సాయంత్రాలు వోల్టేజీ ఊగుతుంది కాబట్టి ఎల్‌ఈడీలను బ్యాటరీ మీదే నడుపుతాం. బొమ్మ ఎటూ కదలదు, అందుకని షట్టర్ అరసెకను తెరిచి పెడతాం. చిన్న చిన్న మినుకులు అందులో కలిసిపోతాయి.

ఇక చెన్నై వాతావరణం. మే నెలలో, ఇక్కడివాళ్లు కత్తిరి అనే ఎండల్లో, నూనె కలిసిన క్లే మెత్తబడి ఎద్దు మూపురం నెమ్మదిగా ఒరుగుతుంది. మధ్యాహ్నం మొదటి పోజుకూ సాయంత్రం చివరి పోజుకూ మధ్య బొమ్మే మారిపోతుంది. ఏసీ వేస్తే గాలికి బొంత కదులుతుంది. అందుకే షూటింగుకు ముందు గదిని చల్లబరిచి, ఫొటోలు తీసేటప్పుడు ఆపేస్తాం. అక్టోబరు నుంచి వానలు, తేమకు అట్టతో చేసిన మండపాలు వంగుతాయి. ఇప్పుడు సెట్లు పల్చటి ప్లైవుడ్‌తో చేస్తున్నాం. బొమ్మ ఒళ్లు సిలికోన్, లోపల మెలిపెట్టిన అల్యూమినియం తీగ. మట్టిని మొహం, కనురెప్పల వరకే ఉంచాం. తీగ ఎన్నోసార్లు వంగాక మోకాలి దగ్గర విరుగుతుంది, దానికీ సిద్ధంగా ఉండాలి. అదే అచ్చులో పోసిన రెండో ఎద్దు మా అలమరాలో ఎప్పుడూ ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం బొంత గురించి. చెయ్యి తగిలిన ప్రతిసారీ గుడ్డ ముడతలు మారతాయి. ఆడించి చూస్తే గుడ్డ సలసల కాగుతున్నట్టుంటుంది, అందుకే యానిమేటర్లు దాన్ని బాయిల్ అంటారు. నడకలో అది కంటికి అడ్డం. పల్చటి ఫెవికాల్ పూసి, అంచులో సన్న తీగ కుట్టి దాన్ని అదుపు చేశాం. కానీ ఎద్దు ఊరికే నిలబడి ఉన్నప్పుడు అదే ప్రాణం. ఒకే పోజును మళ్లీ మళ్లీ ముట్టుకుని తీసిన కొన్ని ఫొటోలను వరుసగా తిప్పితే కన్ను వెంటనే పసిగడుతుంది. కోడ్‌లో వరుస లేకుండా మారిస్తే మాత్రం ఎద్దు ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. ఏ యానిమేషనూ చేయకుండా వచ్చిన ఊపిరి అది. కంప్యూటర్‌లో ఎంత కష్టపడినా నాకు ఇంత సహజంగా రాలేదు.

మెమరీ లెక్క ముందే వేసుకోండి. 2048 పిక్సెళ్ల చదరపు షీట్‌లో 512 పిక్సెళ్ల చదరపు పోజులు పదహారు పడతాయి. కుదించకపోతే ఆ షీట్ 16 ఎంబీ. 320 పోజులుంటే 20 షీట్లు, 320 ఎంబీ. మామూలు ఫోన్‌కు అది భారమే. ఆటల చిత్రాలను కుదించే ఈటీసీ2 అనే పద్ధతిలో కుదిస్తే 80 ఎంబీకి వస్తుంది. మట్టి గరుకుదనం వల్ల కుదింపు మచ్చలు పెద్దగా కనిపించవు, ఇది స్టాప్ మోషన్‌కు ఉన్న ఒక లాభం.

బొమ్మను తయారుచేసి స్కాన్ చేసి 3డిలో నడిపించే దారీ ఉంది. 2024లో వచ్చిన ‘హెరాల్డ్ హాలిబట్’లో అలాగే చేశారు. 2025 నాటి ‘సౌత్ ఆఫ్ మిడ్‌నైట్’ 3డి బొమ్మలకే స్టాప్ మోషన్ లాంటి కదలిక ఇచ్చింది. కెమెరా చుట్టూ తిరగాల్సిన ఆట అయితే ఆ దారే మేలు, పోజులు ఫొటోలు తీస్తూ కూర్చుంటే పని తెమలదు. పక్క చూపు ఆట, తక్కువ పాత్రలు, ఓపికున్న ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే ఫొటోల దారినే ఎంచుకోమంటాను.

మొదలుపెట్టేవాళ్లు ఏమీ కొనకముందు ఫోన్‌ను ఒక స్టాండుకు బిగించి, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, ఒక నడక, ఒక దెబ్బ మాత్రం తీయండి. ఇంజిన్‌లో పెట్టి నలుగురితో ఆడించండి. వాళ్లు చెప్పిన మార్పు కోసం నెల తర్వాత మళ్లీ కూర్చుని అదే నడకలో రెండు కొత్త పోజులు కలపండి. పాతవాటి పక్కన కొత్తవి తేడా తెలియకుండా కలిస్తే, అప్పుడు కెమెరా కోసం రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లండి.