మూసివేత వేలం రెండో విడతకు వెళ్లేవాళ్లు ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం సరుకు ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రంతా నిద్ర లేదు. కోపం చల్లారాక రాస్తే ఇంకాస్త మర్యాదగా రాస్తానేమో, కానీ అప్పటికి రెండో విడత అయిపోతుంది. ఇంకో పది మంది నాలాగే మునుగుతారు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ఏ వేలం అని వేరే చెప్పనక్కర్లేదు. కింద వాయిద్యాల దుకాణం, పైన రికార్డింగ్ స్టూడియో, రెండూ ఒకేసారి మూసేస్తున్నారని నెల రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతున్న ప్రకటనే. 'సర్వం అమ్మకానికి' అని పెద్ద అక్షరాల్లో వేశారు కదా, అదే. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. ఒకే వస్తువును రెండు ముక్కలు చేసి ఇద్దరికి అమ్మితే సర్వం అమ్ముడుపోక ఏమవుతుంది?

నేను కొన్నవి మూడు లాట్లు, అంటే వేలంలో ఒక్కో నంబరు కింద అమ్మే సరుకు. 24 ఛానళ్ల పాత అనలాగ్ మిక్సర్ (మైకుల, వాయిద్యాల శబ్దాలను కలిపే పరికరం), ఒక పాత కీబోర్డు, ఆరు మైకులున్న పెట్టె. కీబోర్డు, మైకుల సంగతి తర్వాత చెబుతాను. మిక్సర్ విషయమే నన్ను నిద్రపోనివ్వలేదు.

సరుకు చూసుకోవడానికి వేలానికి ముందు రోజు రెండు గంటలు సమయం ఇచ్చారు. వెళితే స్టూడియోలో కరెంటు లేదు. 'మూసేస్తున్నాం కదండీ, కనెక్షన్ తీసేశారు' అన్నారు. నమ్మాను. కింద వేలం వాళ్ల బల్ల పక్కన ఫ్యాన్ మాత్రం హాయిగా తిరుగుతోంది. ఆ ఫ్యాన్ సంగతి నాకు నిన్న రాత్రి రెండు గంటలకు తట్టింది.

సరే, ఫోన్ టార్చి వేసుకుని పరీక్ష మొదలుపెట్టాను. ప్రతి ఫేడర్‌నూ (శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీట) పైకీ కిందికీ నెట్టాను, ప్రతి నాబ్‌నూ తిప్పాను. ఫేడర్ గరగరలాడుతుందో లేదో కరెంటు ఉంటే గానీ తెలియదు. అయినా ఏదో ఆరితేరినవాడిలా వేలితో నెట్టడం, తల పంకించడం. ఆ అవతారం ఎవరైనా వీడియో తీసి ఉంటే నాకు పంపకండి.

మిక్సర్ కింద, బల్ల అడుగున, దాని పవర్ సప్లై ఉంది. నా కళ్లతో చూశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఇలాంటి పెద్ద అనలాగ్ మిక్సర్లలో చాలావాటికి పవర్ సప్లై వేరే ఇనుప పెట్టెలో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ మిక్సర్ లోపలే ఉంటే దాని హమ్, అంటే గుయ్యిమనే మోత, రికార్డయ్యే శబ్దంలోకి చొరబడుతుందని దూరంగా పెడతారు. అక్కడి నుంచి లావుపాటి తీగ ఒకటి, చివర బోలెడు పిన్నులతో, మిక్సర్ వెనక్కి వస్తుంది. లోపలి సర్క్యూట్లకు కావలసిన ప్లస్ వోల్టేజీ, మైనస్ వోల్టేజీ, కండెన్సర్ మైకులకు వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అన్నీ ఆ ఒక్క తీగలోనే వస్తాయి. బజారులో దొరికే అడాప్టర్ ఏదో తగిలించి నడిపే వ్యవహారం కాదు. ఒక పిన్నుకు వెళ్లాల్సింది ఇంకో పిన్నుకు వెళితే మిక్సర్ మొత్తం పొగే. ఆ రోజు ఆ తీగ మిక్సర్‌కు తగిలించే ఉంది. వాళ్లు పెట్టిన ఫొటోల్లో ఏడోదానిలోనూ అలాగే ఉంది. తగిలించి ఉన్నది కలిపే వస్తుందనుకున్నాను. ఇంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఇంకా ఏదైనా చేశానా అని ఆలోచిస్తున్నాను. చేశాను, అదీ చెబుతాను.

అక్కడే ఒకాయన పరిచయమయ్యాడు. పాత సామాను కొని అమ్ముతాడట. చాలా కలుపుగోలు మనిషి. నేను మిక్సర్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే వచ్చి, 'మంచి వస్తువండీ, వదలకండి. నేను కొనేవాణ్నే గానీ పెట్టుకోవడానికి చోటు లేదు. మీలాంటివాళ్ల చేతిలో పడాలి' అన్నాడు. నాలాంటివాళ్లు! ఆ ఒక్క మాటకు పొంగిపోయి, పవర్ సప్లై గురించి నాకు తెలిసినదంతా, ఇప్పుడు పైన మీకు చెప్పినదంతా, ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. 'అవునా, అది లేకపోతే ఇది పని చేయదా?' అని ఎంతో ఆసక్తిగా అడిగాడు. చేయదని గట్టిగా చెప్పాను.

వేలంలో ధర చెప్పడాన్ని పాట అని ఎందుకంటారో గానీ, నా జన్మలో ఇంత ధైర్యంగా ఎప్పుడూ పాడలేదు. వేలంవెర్రి అనే మాటను నన్ను చూసే పుట్టించి ఉంటారు. ఇంతకు మించి వెళ్లకూడదని అరచేతిలో అంకె రాసుకుని వెళ్లాను. చెమటకు అంకె చెరిగిపోయింది, నేను ముందుకు వెళ్లిపోయాను. 'ఒకటోసారి, రెండోసారి' అని వేలం పాడించే ఆయన ఆగగానే నా పాట మీద నేనే పెంచబోయాను. పక్కన కూర్చున్నావిడ చేయి పట్టుకుని ఆపింది, 'హెచ్చుపాట మీదేనండీ' అని. సుత్తి పడిన ధర ఒకటి, కట్టాల్సిన ధర ఇంకొకటి. దాని మీద కొన్నవాడి కమిషన్ 20 శాతం, ఆ కమిషన్ మీద పన్ను. అది మాత్రం ముందే చెప్పారు, నేనే తలకెక్కించుకోలేదు.

ఇక నిన్నటి సంగతి.

సరుకు ఇచ్చే గది ముందు బారులు తీరి నిలబడ్డాం. నా వంతు రాగానే ఇద్దరు కుర్రాళ్లు మిక్సర్‌ను తోపుడుబండి మీద తోసుకొచ్చారు. వెనక చూస్తే తీగ లేదు. ఆ పిన్నుల సాకెట్టు నోరు తెరుచుకుని ఉంది. 'దీని పవర్ సప్లై ఏదండీ?' అని అడిగాను. అక్కడ అజమాయిషీ చేస్తున్న ఆయన తల ఎత్తకుండానే కాగితం తిప్పాడు.

'మీ లాట్‌లో మిక్సర్ ఒకటి అని ఉంది. ఒకటి ఇచ్చాం.'

'మరి దానికి తగిలించి ఉన్న పెట్టె?'

'అది 212. నానావిధ తీగలు, ఇనుప పెట్టె ఒకటి.'

లాట్ 212 ఎప్పుడు పాడారు? చిట్టచివర, సగం మంది వెళ్లిపోయాక, నేను కౌంటర్ దగ్గర ఆ కమిషన్ మీద పన్ను కడుతున్నప్పుడు. ఎవరు పాడారో అడగనవసరం లేకపోయింది. గుమ్మం దగ్గర నా మిత్రుడే నిలబడి ఉన్నాడు, చంకలో నా ఇనుప పెట్టె, భుజం మీద చుట్ట చుట్టిన నా తీగ. నన్ను చూసి ఏ మాత్రం తడబడలేదు. 'మీకు కావాలా? మాట్లాడుకుందాం లెండి' అన్నాడు. మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, మిక్సర్‌కు నేను పెట్టినదాంట్లో సరిగ్గా సగం అడుగుతున్నాడు. తీగల కుప్పకు ఆయన ఎంత పాడి ఉంటాడో మీరే ఊహించుకోండి.

నేను మళ్లీ అజమాయిషీ ఆయన దగ్గరకు వెళ్లి ఫోన్‌లో ఏడో ఫొటో తీసి చూపించాను. 'చూడండి, ఫొటోలో రెండూ కలిసే ఉన్నాయి.' ఆయన ఫోన్ అందుకుని, రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి, ఎంతో శ్రద్ధగా అటూ ఇటూ జరిపి చూశాడు. ఒక్క క్షణం, న్యాయం జరగబోతోందని కూడా అనుకున్నాను. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, 'ఫొటోలో బల్ల కూడా ఉంది. కిటికీ కూడా ఉంది. అవి కూడా కట్టించమంటారా?' అన్నాడు.

వరుసలో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. తోపుడుబండి కుర్రాళ్లు నవ్వారు. గుమ్మం దగ్గర ఆయన పెట్టె కింద పెట్టి మరీ నవ్వాడు. వాళ్లు నవ్వినందుకు కాదు నా బాధ. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. నోట్లోంచి ఒక వెర్రి నవ్వు దానంతట అదే వచ్చింది, ఏదో సరదాకి అడిగినట్టు. ఆ నవ్వే రాత్రంతా చెవిలో మోగింది. నవ్వి, ఆయన జరిపిన కాగితం మీద సంతకం కూడా పెట్టాను. 'సరుకు సంతృప్తికరంగా అందినది.' పైన చెబుతానన్న రెండో తెలివితక్కువ పని ఇదే.

షరతుల కాగితం ఇంటికొచ్చాక చదివాను. ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటి నుంచే తీసుకోవాలట. చిత్రాలు సూచనప్రాయం మాత్రమేనట. అన్నీ ఉన్నాయి, చీమంత అక్షరాల్లో. చట్టం లెక్కలో తప్పు నాదే అయి ఉండవచ్చు. కానీ ఒక యంత్రం నుంచి దాని ప్రాణాన్ని ఊడదీసి 'నానావిధ తీగలు' అని పేరు పెట్టినవాడికి అది ఏమిటో తెలియదంటే నేను నమ్మను. ఏళ్ల తరబడి స్టూడియో నడిపినవాళ్ల సరుకు అది.

మిగతా రెండూ గబగబా చెప్పేస్తాను. కీబోర్డు యమహా డీఎక్స్ 7, 1983లో వచ్చిన రకం. ఆన్ చేస్తే తెర మీద పేర్లన్నీ పిచ్చి అక్షరాలు. లోపలి బ్యాటరీ చచ్చిపోయింది, దాచిపెట్టిన 32 శబ్దాలూ పోయాయి. ఇందులో వేలం వాళ్ల తప్పు లేదు, అంత పాతదానిలో ఇది మామూలే. బ్యాటరీ బోర్డుకు టంకం వేసి ఉంటుంది, మార్చుకుని మీడీ తీగతో (వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపేది) శబ్దాలు మళ్లీ ఎక్కించుకోవచ్చు. మూడింటిలో నన్ను మోసం చేయనిది ఇదొక్కటే.

మైకులు మాత్రం 'ఎస్ఎం 58, ఆరు' అని అమ్మారు, షూర్ కంపెనీ వాళ్ల పేరున్న పాటల మైకు అది. నిన్న రాత్రి ఎలాగూ నిద్ర రాక ఒక్కొక్కటీ తూకం వేశాను. అసలుది 298 గ్రాములు తూగాలి. మూడు తూగాయి. మిగతా మూడూ ఎంత తేలికంటే, చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చేది, నేను ఆ రోజు చేతిలోకి తీసుకుని ఉంటే. అసలుదాని పిడి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆ బరువులో కొంత దానిదే. చాలా నకిలీల్లో అది ఉండదు. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, ఇనుప ముక్క వేసి తూకం సరిచేసే ఘనులు కూడా ఉంటారు. లోకంలో ఈ మైకుకు ఉన్నన్ని నకిలీలు ఇంకే మైకుకూ ఉండవేమో. ఆ సంగతి కూడా నాకు ముందే తెలుసు. తెలిసీ పెట్టె మూత తీసి, లెక్కపెట్టి, మూసేశాను.

రెండో విడతకు వెళ్తే వెళ్లండి, మీ ఇష్టం. కరెంటు లేదంటే ఆ ఫ్యాన్ దేని మీద తిరుగుతోందో అడగండి. ఏమేమి కలిపి ఒక లాటో పాటకు ముందే కాగితం మీద రాయించుకోండి, తీగలతో సహా. వైర్‌లెస్ మైకులు ఉన్నాయట, 700 మెగాహెర్ట్జ్ రకమైతే ముట్టుకోకండి, ఆ బ్యాండును చాలా దేశాలు సెల్‌ఫోన్లకు ఇచ్చేశాయి. పియానో కూడా ఉంది. దాని రెండు వందల పైచిలుకు తీగల బిగువు టన్నుల లెక్కలో ఉంటుంది. ఆ తీగల పిన్నులు పట్టుకున్న చెక్క పగిలితే ఎన్నిసార్లు శ్రుతి చేసినా నిలవదు. తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి, నాలాంటి తెలిసినవాళ్లను కాదు. అక్కడ ఎవరితోనూ మీకు తెలిసినది పంచుకోకండి.

ఇది రాస్తుండగానే ఆ ఇనుప పెట్టె పాడుకున్న ఆయన ఫోన్ చేశాడు. నిన్న చెప్పిన ధర నిన్నటిదట, ఈ రోజు ఇంకొకరు కూడా అడుగుతున్నారట. పెట్టేశాను. పెట్టేశాక ఆలోచిస్తే, ఆయనకు నేను నా నంబరు ఇవ్వలేదు. ఆ భవనం మొత్తం మీద నేను నంబరు రాసింది ఒక్కచోటే, వేలం వాళ్ల బల్ల మీద ఉన్న పాటదారుల పుస్తకంలో.