కరెంటు పోతే ఈ గేమ్ ఏం చేస్తుంది?

గేమ్ సమీక్షలు రాసేవాళ్లు గ్రాఫిక్స్ గురించి చెబుతారు, కథ గురించి చెబుతారు, ఫ్రేమ్ రేట్ మీద పేజీలు నింపుతారు. ఆడుతూ ఆడుతూ మధ్యలో లేవాల్సి వస్తే ఆ గేమ్ మనల్ని ఏం చేస్తుందో మాత్రం చెప్పరు. పగలంతా విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు చూసుకుని, రాత్రి భోజనాలయ్యాక పటమటలో మేడమీద గదిలో పీసీ ఆన్ చేసే నాలాంటివాడికి ముందు తెలియాల్సింది అదే. నాన్నకి బీపీ మాత్ర కనపడదు. పాప నిద్రలో లేచి ఏడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే వీధి మొత్తం ఒక్కసారిగా చీకటైపోతుంది. అందుకని ఈ మధ్య సంవత్సరాల్లో బాగా ఆడిన గేమ్‌లనీ, ఇప్పుడు వస్తాయంటున్నవాటినీ ఒకే ప్రశ్నతో చూస్తున్నాను: ఆపితే ఆగుతుందా, తిరిగొస్తే వదిలినచోటే ఉంటుందా?

ముందు సామాను సంగతి. నా పీసీ 2021 నాటిది, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. 1080పీలో సెట్టింగ్స్ మీడియం, హై మధ్య పెట్టుకుంటే ఈనాటికీ చాలావాటికి సరిపోతోంది. ఇంటి ఇన్వర్టర్ మీదే పీసీ నడిపేవాళ్లకి ఒక మాట. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది వేయకపోతే కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులోనే పీసీ రీస్టార్ట్ అయిపోవచ్చు. ఫ్యాన్లకీ లైట్లకీ ఆ తేడా తెలియదు, పీసీకి తెలుస్తుంది. పైగా గేమ్ నడిచేటప్పుడు మానిటర్‌తో కలిపి మూడొందల వాట్లదాకా లాగుతుంది. కింద ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అంటూ కుయ్‌మంటుంది, ఆ వెంటనే అమ్మ కేక వినపడుతుంది. పీసీకి విడిగా ఒక యూపీఎస్ పెట్టుకుంటే నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి. ఆ నాలుగైదు నిమిషాల్లో మర్యాదగా బయటపడనిచ్చే గేమే నా దృష్టిలో మంచి గేమ్.

ఎల్డెన్ రింగ్‌తో మొదలుపెడతాను. నా దగ్గర ఎక్కువ కాలం ఉన్నది అదే, నా చేత ఎక్కువ తిట్లు తిన్నదీ అదే. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. ఒంటరిగా, నెట్ ఆపేసి ఆడుతున్నా సరే, దీనికి పాజ్ లేదు. మెనూ తెరిచినా వెనక లోకం నడుస్తూనే ఉంటుంది. కేలిడ్ అనే ప్రాంతంలో ఆ పెద్ద తలల కుక్కలు తిరిగేచోట వదిలేసి తలుపు తీయడానికి వెళ్తే, వచ్చేసరికి మనిషి ఉండడు, సంపాదించిన రూన్లు, అంటే ఈ ఆటలో డబ్బు, నేల మీద ఉంటాయి. వాటికోసం వెళ్తూ దారిలో మళ్లీ చస్తే అవీ పోతాయి. తమాషా ఏమిటంటే, మెనూలో హెల్ప్ నొక్కి 'మెనూ ఎక్స్‌ప్లనేషన్' అనేది తెరిస్తే మాత్రం ఆట నిజంగానే ఆగిపోతుంది. ఆపడం వాళ్లకి చేతకాక కాదన్నమాట, మనల్ని ఆపనివ్వడం ఇష్టం లేక. పాజ్ ఉంటే టెన్షన్ పోతుందని దీని అభిమానులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. టెన్షన్ మలేనియా అనే ఆ పెద్ద శత్రువు కత్తిలో ఉంది, తలుపు కొట్టే పక్కింటాయనలో లేదు.

అయితే సేవ్ విషయంలో ఇంత ధారాళంగా ఉండే గేమూ తక్కువే. ఏ చిన్న పని చేసినా రాసుకుంటూ పోతుంది. క్విట్ కొట్టి వెళ్లి ఎప్పుడో వచ్చినా నిలబడ్డచోటే లేస్తాం. బాస్‌తో, అంటే మలేనియా లాంటి పెద్ద శత్రువుతో, పోరాటం మధ్యలో వదిలేస్తే మాత్రం పొగమంచు తలుపు బయట లేస్తాం, బాస్ ప్రాణం మళ్లీ నిండుగా ఉంటుంది. అది న్యాయమే. కాకపోతే ఎప్పుడూ రాస్తూ ఉండే ఫైలు కాబట్టి, రాస్తున్న క్షణంలోనే పీసీ ఆరిపోతే ఫైలు పాడయ్యే ప్రమాదం ఎంతో కొంత ఉంటుంది. విండోస్‌లో ఆప్‌డేటా లోపల రోమింగ్ ఫోల్డర్‌లో ఎల్డెన్ రింగ్ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. వారానికోసారి దాన్ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పడేస్తాను.

సేవ్ ఫైలు నెట్‌లో కూడా దాచిపెట్టే క్లౌడ్ సేవ్ విలువ మాకు 2024 సెప్టెంబర్‌లో తెలిసింది. బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఉండే నా స్నేహితుడి ఇల్లు కింది వాటా మొత్తం నీళ్లలో ఉండిపోయింది. టేబుల్ కింద పెట్టిన పీసీ, మంచాలు, ఫ్రిజ్, ఏవీ మిగల్లేదు. చాలా నెలల తర్వాత ఒక సెకండ్‌హ్యాండ్ పీసీ కొనుక్కుని, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో లాగిన్ అయితే, వాడి ఎల్డెన్ రింగ్ పాత్ర కత్తీ డాలుతో సహా అలాగే ఉంది. ఇల్లు సర్దుకోవడంలో మునిగిపోయిన మనిషి ఆ రోజు నాకు ఫోన్ చేసి అరగంట గేమ్ గురించే మాట్లాడాడు. అందుకే ఇప్పుడు స్టీమ్‌లో ఏ గేమ్ కొనాలన్నా ముందు పేజీలో కుడివైపు 'స్టీమ్ క్లౌడ్' అని ఉందో లేదో చూస్తాను.

ఎల్డెన్ రింగ్ తర్వాత అదే పేరుతో 2025 మేలో వచ్చిన నైట్‌రెయిన్ నాకు పడలేదు. ముగ్గురు కలిసి ఆడేది, ఒక్కో ఆట దాదాపు నలభై నిమిషాలు. హైదరాబాద్ నాన్‌స్టాప్ బస్సు ఎక్కినట్టే, ఎక్కాక సూర్యాపేటలో దిగుతానంటే కుదరదు. మొదట్లో ఇద్దరే ఆడే వీలు కూడా లేదు, జూలై నెలాఖరులో అప్‌డేట్‌తో పెట్టారు. పోరాటాలు అద్భుతంగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ నలభై నిమిషాలు ఎవరూ పిలవని ఇల్లు నాకు లేదు. గుంటూరు నుంచి సెలవులకి వచ్చే మా మేనల్లుడిదీ ఫోన్‌లో ఆడే బీజీఎంఐతో ఇదే బాధ. అన్నం చల్లారిపోతున్నా "ఇదొక్క మ్యాచే మావయ్యా" అంటాడు. మా అక్క తిడుతుంది. వాడు లేస్తే జట్టులో మిగతా ముగ్గురూ వాణ్ణి తిడతారు. ఆ ముగ్గురి తిట్లే వాడికి ఎక్కువ భయం.

ఆపడం అనే విషయాన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది హేడీస్ 2. 2024 మేలో సగం వండిన గేమ్‌గా అమ్మకానికి పెట్టి, 2025 సెప్టెంబర్ 25న పూర్తి చేసి ఇచ్చారు. గది తర్వాత గది దాటుకుంటూ పోయే ఆట ఇది. గదిలో అడుగుపెట్టగానే సేవ్ అవుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ ఒక్క గది మళ్లీ ఆడాలి, అంతే. పూర్తి ప్రయాణం అరగంట పైనే పడుతుంది గానీ దాన్ని మూడు రాత్రుళ్లు పంచుకుని ఆడినా గేమ్ ఏమీ అనుకోదు. పాపని నిద్రపుచ్చి వచ్చి రెండు గదులు, నాన్న పడుకున్నాక ఇంకో నాలుగు. చస్తే కథ ముందుకు సాగుతుంది, ఇంటికి తిరిగొచ్చాక ప్రతివాళ్లూ కొత్త మాట ఏదో ఒకటి చెబుతారు. తీరిక లేనివాళ్లు ఒక్క గేమే కొనాలంటే ఇదే కొనమంటాను.

హాలో నైట్: సిల్క్‌సాంగ్ కోసం ఆరేళ్లకు పైగా ఎదురుచూశాం. 2019 ఫిబ్రవరిలో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న విడుదల చేశారు, ఆ సాయంత్రం స్టీమ్ సహా చాలా స్టోర్లు కాసేపు స్తంభించిపోయాయి. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో పిడికెడు మంది చేసిన గేమ్, అమెరికాలో ఇరవై డాలర్లకే ఇచ్చారు. బొమ్మలు గీసిన తీరు, నాయిక హోర్నెట్ కదలిక, ఆ సంగీతం, వేటికీ వంక పెట్టలేను. పాజ్ కూడా నిక్షేపంగా పనిచేస్తుంది. ఇబ్బందల్లా క్విట్ కొడితే చివరగా కూర్చున్న బెంచీ దగ్గరికే తిరిగి రావడం. ఆ బెంచీలు దూరం దూరం. కొన్నిటి మీద కూర్చోవాలంటే డబ్బు అడుగుతాయి. హంటర్స్ మార్చ్ అనే చోట ఒక బెంచీ అయితే ఏకంగా ఉచ్చు, హమ్మయ్య అని కూర్చుంటే ప్రాణం మీదకొస్తుంది. ఒంటరి కుర్రాడు ఆడితే దాన్ని చూసి నవ్వుకుంటాడు. పదకొండున్నరకి కళ్లు మూతలు పడుతుండగా బెంచీ కనపడిందని సంబరపడ్డ నాకు నవ్వు రాలేదు. మొదట్లోనే దెబ్బకి రెండేసి ప్రాణాలు పోవడం మీద గోల రేగితే, కొద్ది రోజులకే వచ్చిన అప్‌డేట్‌లో ఒకరిద్దరు తొలి బాస్‌ల్ని కాస్త మెత్తబరిచారు. డబ్బు అడిగే కొన్ని బెంచీల ధర కూడా తగ్గించారు, బెంచీల మధ్య దూరం మాత్రం అలాగే ఉంది.

2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఈ లెక్కలో అది పాసైపోయింది. వంతులవారీ యుద్ధం కాబట్టి మన వంతులో మనం లేచి వెళ్లి స్నానం చేసొచ్చినా గోబ్లిన్లు ఓపిగ్గా నిలబడతాయి. ఎఫ్5 నొక్కితే ఎక్కడైనా సేవ్. మూడో అంకంలో నగరంలోకి వెళ్లాక పాత ప్రాసెసర్లు రొప్పుతాయి, డిస్కులో 150 జీబీ ఖాళీ కావాలి, ఆ రెండే హెచ్చరికలు.

వంతులవారీ అయినా శత్రువు వంతులో చెయ్యి తీయనివ్వనిది క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ఫ్రాన్స్‌లో మాంట్‌పెలియెకి చెందిన చిన్న స్టూడియో 2025 ఏప్రిల్‌లో విడుదల చేస్తే, ఆ డిసెంబర్‌లో గేమ్ అవార్డ్స్‌లో ఏటి మేటి గేమ్ అయి కూర్చుంది. ఏటా ఒకామె రాతి స్తంభం మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసువాళ్లంతా పొగలా కరిగిపోతారు. కథ అలా మొదలవుతుంది. నా వయసు అటూ ఇటూగా ఆ పేరులోని ముప్పై మూడే కావడంతో మొదటి గంట కొంచెం గట్టిగానే తగిలింది. యుద్ధంలో మాత్రం శత్రువు కొట్టే క్షణాన్ని పట్టుకుని బటన్ నొక్కాలి. దానికి కన్నుకన్నా చెవే ఎక్కువ సాయం చేస్తుంది. సౌండ్ తగ్గిస్తే దెబ్బలు తినాలి, హెడ్‌ఫోన్ పెడితే పాప ఏడుపు వినపడదు. చివరికి తేలికైన స్టోరీ మోడ్‌కి మార్చి, ఒక చెవికి మాత్రం హెడ్‌ఫోన్ తగిలించుకుని పూర్తి చేశాను. గొప్ప గేమ్. అవార్డులన్నీ దానికి దక్కాల్సినవే.

ఇద్దరు ఉంటే తప్ప ఆడలేని స్ప్లిట్ ఫిక్షన్ని మా ఆవిడతో ఆడాను. 2025 మార్చిలో వచ్చింది. మొదటి రోజు కంట్రోలర్ చేతికిస్తే "ఏవండీ, ఇంతకీ వీళ్లిద్దరిలో నేనెవర్ని?" అని అడిగిన మనిషి, చివరికొచ్చేసరికి నన్ను "అక్కడ కాదండీ, ఇటు దూకండి" అంటూ నడిపించింది. చెక్‌పాయింట్లు అడుగడుగునా ఉంటాయి, చచ్చినా పోయేది కొన్ని సెకన్లే. ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకడమే కష్టం, దానికి గేమ్ ఏం చేస్తుంది? దూరాన ఉన్న స్నేహితుడితో ఆడాలన్నా ఒక్కరు కొంటే చాలు, ఫ్రెండ్స్ పాస్‌తో రెండోవాళ్లు ఉచితంగా ఆడొచ్చు. మన జేబుకి ఇది చాలా పెద్ద మాట.

రాబోయేవాటిలో నా కన్ను రెండిటి మీద ఉంది. మొదటిది 2026 మే 27 తేదీ ఇచ్చిన జేమ్స్ బాండ్ గేమ్ 007 ఫస్ట్ లైట్. చేస్తున్నది హిట్‌మ్యాన్ తీసినవాళ్లే, అందుకే ఆశా ఉంది, అనుమానమూ ఉంది. హిట్‌మ్యాన్ ఒంటరిగా ఆడే గేమే అయినా పాయింట్లు, అన్‌లాక్‌లు నెట్ ఉంటేనే. కరెంటు పోతే యూపీఎస్ మీద పీసీ బతికినా, కింద రౌటర్ ఆరిపోతే ఆ ఆట సగం చచ్చినట్టే. బాండ్‌కి ఆ జబ్బు అంటలేదని ఆడినవాళ్లు చెబితేనే కొంటాను.

రెండోది జీటీఏ 6. ముందు 2025 చివర్లో అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19కి జరిపారు. అదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే, పీసీ ఊసు ఎత్తలేదు. ట్రైలర్లలో వైస్ సిటీ అనే ఊరి సముద్రం నీళ్లు, నాయిక లూసియా జుట్టు చూసి అందరూ మురిసిపోతున్నారు. నాకు మాత్రం రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గుర్తొస్తోంది. గుర్రం మీద పది నిమిషాల కబుర్లు, ఆ తర్వాత కాల్పులు, మిషన్ మధ్యలో మన చేత్తో సేవ్ చేసుకునే వీల్లేదు. కొత్తదాంట్లోనూ అదే పద్ధతి ఉంటే ఎండాకాలంలో దాని జోలికి వెళ్లను. జీటీఏ 5 కన్సోళ్లకి 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఈసారీ అంతే పట్టేలా ఉంది కాబట్టి, ఆలోపు కన్సోల్ ఉన్న మా బావమరిది ఆడి, మిషన్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో చెబుతాడు.