పీక్ ఫ్లో మీటర్: ఏడు నెలలుగా రోజూ ఊదుతున్నాను

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. చిన్నప్పటి నుంచి దమ్ము, అంటే ఆస్తమా ఉంది. మిర్చి బస్తాలు దిగే కాలంలో తేజ రకం ఘాటుకు ఏ జబ్బూ లేనివాళ్లే తుమ్ముతుంటారు. అయినా ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు, పరుగెత్తాలని పట్టుబట్టాను. బ్రిటన్ పరుగుల రాణి పాలా రాడ్‌క్లిఫ్‌కు కూడా ఆస్తమానే, 2003లో లండన్‌లో 2:15:25కి మారథాన్ ముగించింది, ఆ మహిళల ప్రపంచ రికార్డు 2019 దాకా నిలిచింది అని అమ్మకు చెప్పాను. "ఆమెకు మిర్చి ఘాటు లేదు కద బిడ్డా" అంది. ఆ మాట నిజమే.

అందుకే డాక్టర్ గారు షూస్ కంటే ముందు ఈ మీటర్ కొనిపించారు. జానెడు ప్లాస్టిక్ గొట్టం. బ్యాటరీ లేదు, యాప్ లేదు. పక్కన 60 నుంచి 800 దాకా గీతలు, వాటి వెంట జరిగే ఎర్ర ముల్లు. ముల్లును కిందికి దించి, నిలబడి, నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి ఒక్కసారిగా ఊదాలి. గాలి నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో బయటికొస్తోందో ముల్లు ఆగినచోట తెలుస్తుంది. మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. మొదటి వారం గొట్టానికి నాలుక అడ్డం పెట్టి ఊదేవాణ్ణి, అంకెలన్నీ తప్పే. నర్సమ్మ పక్కన నిలబడి చూపించాకే కుదిరింది.

ఒంట్లో బాగున్న రెండు వారాలు పొద్దున, సాయంత్రం రాస్తే నా మంచి అంకె 480 అని తేలింది. అందులో 80 శాతం, అంటే 384 పైన ఉంటే పచ్చ, పరుగెత్తొచ్చు. 240 దాకా పసుపు. అంతకన్నా దిగితే ఎరుపు, డాక్టర్ రాసిచ్చిన ఇన్‌హేలర్ తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం 12 కిలోమీటర్లు అనుకున్నాను. ఛాతీ తేలిగ్గా ఉంది, పిల్లికూతలు లేవు. ఊదితే 360. మళ్లీ ఊదాను, 355. మూడోసారీ 360. కట్టుకున్న లేసులు విప్పేశాను. ఆ రాత్రి పదకొండింటికి దగ్గు పట్టుకుని తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను. పొద్దున భద్రకాళి బండ్ మీద ఆరో కిలోమీటర్ దగ్గర ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్. ఛాతీకి తెలియకముందే ముల్లుకు తెలిసింది.

ఇంకో మేలు చేసింది. పరుగు ఆపిన పది నిమిషాలకే ఆయాసం ఎందుకొస్తోందో అర్థమయ్యేది కాదు. నోటితో గబగబా పీల్చే గాలికి శ్వాసనాళాలు ఎండి బిగుసుకుంటాయట. పరుగుకు ముందు 470, తర్వాత 395 అని రాసిన కాగితం డాక్టర్ గారి ముందు పెట్టాను. రోజూ వాడే ఇన్‌హేలర్ డోసు మార్చారు, పరుగుకు పావుగంట ముందు ఇంకొకటి తీసుకోమన్నారు, పది నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్లు వేడెక్కాకే వేగం పెంచమన్నారు.

లోపాలు లేకపోలేదు. కడిగాక లోపల తడి ఉంటే ముల్లు అతుక్కుంటుంది, పూర్తిగా ఆరాల్సిందే. ఆరు నెలలకే నా బొటనవేలు తగిలేచోట అంకెలు చెరిగాయి. రంగులు గుర్తుపెట్టుకునే చిన్న పిన్నులు జారిపోతాయి, నేను మార్కర్‌తో గీతలు గీసుకున్నాను. పగిలితే ఇంకోటి కొన్నాక అంకెలు మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి, రెండు మీటర్లు ఒకేలా చూపించవు.

మొన్న ఆదివారం 16 కిలోమీటర్లు. ముందు 470, ఆపిన పది నిమిషాలకు 455. వంటింటి క్యాలెండర్ మీద ఆ రెండు అంకెలూ అమ్మే రాసింది.